అమ్మ అడిగిన ప్రశ్న, అమెరికాలో మునిగిన ఊరు: లేజర్ మ్యాప్‌ల వెనక కథ

ఈ ఎపిసోడ్ మామూలు కంటే కొంచెం పెద్దది. మధ్యలో కాస్త సాఫ్ట్‌వేర్ కూడా వస్తుంది. కంగారు పడకండి, కోడింగ్ రాకపోయినా అర్థమవుతుంది. ఇది అసలు సాఫ్ట్‌వేర్ కథ కాదు, చరిత్ర కథ.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడలో బుడమేరు పొంగిన రోజు. ఆ వరద వీడియోలు మీలో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు. నేను మా మేడ మీద నుంచి చూశాను. కింద వాటాలో నీళ్లు నా ఛాతీ దాకా వచ్చాయి. ఫ్రిజ్, మంచం, బియ్యం డబ్బా, నా బీటెక్ సర్టిఫికెట్లున్న ఫైలు, అన్నీ నీళ్లలోనే. అయితే పక్క వీధిలో మా పిన్ని వాళ్ల ఇంట్లో నీళ్లు మోకాలు దాటలేదు. మధ్య దూరం ఎంత అంటే, ఇక్కడ కుక్కర్ విజిల్ వేస్తే అక్కడ వినిపిస్తుంది.

నీళ్లు తీసి, బురద కడిగి, అన్నీ అయ్యాక ఒక రోజు అమ్మ అడిగింది: "ఏరా, మన వీధి వాళ్ల వీధి కన్నా ఎంత పల్లంలో ఉందిరా? నువ్వు కంప్యూటర్లు చదివావు కదా, చెప్పు."

నేను చెప్పలేకపోయాను. నాలుగేళ్లు బీటెక్, ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సర్వర్ ఎక్కడ పడిపోయిందో అర్ధరాత్రి లేచి చెప్పగలను. నా గుమ్మం ఎంత ఎత్తులో ఉందో మాత్రం నాకు తెలీదు.

ఆ ప్రశ్న పట్టుకుని వెతకడం మొదలుపెడితే, నేను తేలింది అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్లో. ఊరి పేరు ప్రిన్స్‌విల్. ఇవాళ ఆ ఊరి కథ, ఆ నేలను కొలిచిన లేజర్ కథ, ఆ కొలతల్ని మన లాప్‌టాప్‌లోకి తెచ్చే ఫ్రీ సాఫ్ట్‌వేర్ కథ చెప్తాను. మూడూ వేరు వేరుగా మొదలై ఒకే చోట కలుస్తాయి.

ఎవరికీ అక్కర్లేని నేల

1865. అమెరికాలో అంతర్యుద్ధం ముగిసింది. బానిసత్వం పోయింది. నార్త్ కరోలినాలో టార్ అనే నది ఉంది. దాని ఒక ఒడ్డున టార్‌బరో అనే పట్నం, కాస్త మెరక మీద ఉంటుంది. అవతలి ఒడ్డు పల్లం, చిత్తడి. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి వాళ్లు యూనియన్ సైనికుల శిబిరం దగ్గర చేరి, చివరికి ఆ పల్లంలోనే గుడిసెలు వేసుకున్నారు. ఆ చోటికి వాళ్లు పెట్టుకున్న పేరు 'ఫ్రీడమ్ హిల్'. అంటే స్వేచ్ఛ కొండ. చూశారా, ఊరేమో పల్లంలో, పేరేమో కొండ.

అక్కడే ఎందుకు? ఆ నేల ఎవరికీ అక్కర్లేదు కాబట్టి. నది పొంగితే మునిగేది అదే. మెరక నేల ఉన్నవాళ్లకి ఉండనే ఉంది. 1885లో ఆ ఊరు అధికారికంగా మున్సిపాలిటీ అయింది. టర్నర్ ప్రిన్స్ అనే వడ్రంగి పేరు మీద ప్రిన్స్‌విల్ అని పేరు పెట్టుకున్నారు. నల్లజాతి వాళ్లు స్థాపించి, చట్టబద్ధంగా నమోదు చేసుకున్న ఊళ్లలో అమెరికాలోనే మొట్టమొదటిదిగా దాన్ని చెప్తారు.

తర్వాత వరుసగా వరదలు. 1919, 1924, 1940, 1958. మునిగిన ప్రతిసారీ కడుక్కున్నారు, మళ్లీ కట్టుకున్నారు. చివరికి 1960ల్లో అమెరికా సైన్యానికి చెందిన ఇంజినీర్ల విభాగం, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్, నది పక్కన మట్టికట్ట వేసింది. 1967 నాటికి కట్ట పూర్తయింది. ఈ ఆర్మీ కోర్ అనే పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

కట్ట ముప్పై ఏళ్లకు పైగా ఊరిని కాపాడింది. ముప్పై ఏళ్లంటే ఒక తరం. వరద అనేది తాతలు చెప్పే కథ అయిపోయింది.

1999 సెప్టెంబర్. ముందు డెనిస్ అనే తుఫాను వచ్చి నేలంతా నానబెట్టి వెళ్లింది. రెండు వారాలు తిరగకముందే, సెప్టెంబర్ 16న ఫ్లాయిడ్ అనే హరికేన్ తీరం దాటింది. తూర్పు నార్త్ కరోలినాలో కొన్ని చోట్ల 15 అంగుళాల కంటే ఎక్కువ వాన. అప్పటికే నిండిన నేల చుక్క కూడా పీల్చుకోలేదు. టార్‌బరో దగ్గర నది కొలబద్ద మీద నీటిమట్టం 41 అడుగులు దాటింది. అక్కడ వరద అని లెక్కపెట్టే మట్టం 19 అడుగులు మాత్రమే. కట్ట మీద నుంచి నీళ్లు దూకాయి. సుమారు రెండు వేల జనాభా ఉన్న ఊరు మొత్తం మునిగింది. నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. ఎందుకంటే ఏ కట్ట నీళ్లని బయట ఆపడానికి కట్టారో, ఇప్పుడు అదే కట్ట నీళ్లని లోపల ఆపింది. శ్మశానంలో శవపేటికలు పైకి తేలాయి. ఆ ఊరి వాళ్లు ఇప్పటికీ ఎక్కువగా తలుచుకునేది అదే. బతికున్నవాళ్లనే కాదు, పోయినవాళ్లని కూడా వరద లేపేసింది.

మ్యాపులు తప్పు చెప్పాయి

ఫ్లాయిడ్ తర్వాత నార్త్ కరోలినా ప్రభుత్వానికి ఒక విషయం బాగా తగిలింది. వాళ్ల దగ్గర వరద మ్యాపులు లేక కాదు, ఉన్నాయి. అమెరికాలో ఇల్లు కొంటే అది వరద ప్రాంతంలో ఉందా లేదా అన్నది ఆ మ్యాపు చూసే తేలుస్తారు. ఇన్సూరెన్స్ కూడా దాన్ని బట్టే. కానీ చాలా మ్యాపులు పాతబడిపోయాయి. నేల ఎత్తుల కొలతలు అంతకంటే పాతవి. మ్యాపులో ఈ ఇంటికి వరద రాదు అని ఉంటుంది, వరద వచ్చి పడగ్గది దాకా ఉంటుంది.

2000లో ఆ రాష్ట్రం, కేంద్రంలో విపత్తుల పని చూసే ఫీమా అనే సంస్థతో ఒప్పందం చేసుకుంది. మ్యాపులు మేమే గీసుకుంటాం అంది. మొత్తం 100 కౌంటీలు, అంటే మన లెక్కలో జిల్లాల్లాంటివి. అన్నిటినీ కొత్తగా కొలవాలి. పాత పద్ధతిలో మనుషులు కర్రలు, దుర్భిణీలు పట్టుకుని తిరిగితే తరాలు పడుతుంది. అందుకే లైడార్ ఎంచుకున్నారు. ఒక రాష్ట్రం మొత్తాన్ని వరద మ్యాపుల కోసం లేజర్‌తో కొలవడం అప్పటికి చాలా పెద్ద సాహసం.

లైడార్ అంటే ఏంటో రెండు నిమిషాల్లో చెప్తాను. విమానం కింద ఒక లేజర్ ఉంటుంది. అది నేల మీదకి సెకనుకి వేల, లక్షల కాంతి చినుకులు వదులుతుంది. ప్రతి చినుకూ దేనికో తగిలి వెనక్కి వస్తుంది. వెళ్లి రావడానికి పట్టిన టైమ్‌ని కాంతి వేగంతో గుణించి సగం చేస్తే దూరం వచ్చేస్తుంది. ఎంత కచ్చితంగా టైమ్ చూడాలంటే, సెకనులో వంద కోట్లో వంతు తేడా వస్తే ఎత్తులో 15 సెంటీమీటర్ల తేడా వస్తుంది. అంటే జానెడు కంటే కాస్త తక్కువ. విమానం ఆ క్షణాన ఎక్కడుందో జీపీఎస్ చెప్తుంది. ఎటు ఒరిగిందో ఇంకో పరికరం చెప్తుంది. ఈ మూడూ కలిస్తే ఒక చుక్క పుడుతుంది. అలాంటివి కోట్ల చుక్కలు.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. లేజర్ చెట్టు మీద పడితే కొంత కాంతి పై కొమ్మకి తగిలి వస్తుంది, కొంత ఆకుల సందుల్లోంచి దిగి నేలకి తగిలి వస్తుంది. ఆఖరున వచ్చిందే చాలాసార్లు నేల. అందుకని కంప్యూటర్‌లో చెట్లన్నీ తీసేసి వట్టి నేలను చూడొచ్చు. ప్రతి చుక్కకీ ఒక నంబరు ఇస్తారు. 2 అంటే నేల, 5 అంటే ఎత్తైన చెట్లు, 6 అంటే భవనం, 9 అంటే నీళ్లు. ఈ '2' అనే అంకె మన కథలో హీరో.

2001 నుంచి తూర్పు వైపు నదీ పరీవాహకాలతో ఆ రాష్ట్రం కొలత మొదలుపెట్టింది. కొలిచిన డేటాని బీరువాలో పెట్టి తాళం వేయలేదు. జనానికి వదిలేసింది. అందుకే విజయవాడలో కూర్చున్న నేను ఒక్క రూపాయి కట్టకుండా, ఎవరి సంతకమూ అడక్కుండా టార్ నది ఒడ్డుని డౌన్‌లోడ్ చేసుకోగలిగాను.

సైన్యం వదిలేసింది, జనం ఎత్తుకున్నారు

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. చుక్కలున్నాయి సరే, వాటిని నేలగా మార్చేదెవరు?

దాని పేరు గ్రాస్. గడ్డి కాదండోయ్, పొడుగాటి ఇంగ్లీష్ పేరుకి పొట్టి పేరు. 1982 ప్రాంతంలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని షాంపేన్‌లో ఉన్న ఒక సైనిక పరిశోధనశాలలో పుట్టింది. ఆ ల్యాబ్ ఎవరిదో తెలుసా? ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్‌దే. ప్రిన్స్‌విల్‌కి కట్ట వేసిన అదే విభాగం. సైన్యం దగ్గర శిక్షణ కోసం విశాలమైన భూములున్నాయి. ట్యాంకులు తిరిగితే నేల కోసుకుపోతుంది. 1969 నాటి జాతీయ పర్యావరణ చట్టం వచ్చాక ఆ భూములకి ఏమవుతోందో లెక్క చెప్పాల్సి వచ్చింది. తమ అవసరానికి సరిపోయే మ్యాప్ సాఫ్ట్‌వేర్ బయట దొరక్క, సొంతంగా రాసుకున్నారు.

అమెరికా చట్టం ప్రకారం ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు డ్యూటీలో రాసినదాని మీద కాపీరైట్ ఉండదు. అందుకని గ్రాస్ మొదటి నుంచీ అందరిదీ. 1987లో దాని గురించి ఒక ప్రచార వీడియో కూడా తీశారు. అందులో వ్యాఖ్యానం చెప్పింది 'స్టార్ ట్రెక్'లో కెప్టెన్ కర్క్‌గా నటించిన విలియం షాట్నర్. నమ్మకపోతే వెతికి చూడండి, నెట్‌లో ఉంది.

1990ల మధ్యకి వచ్చేసరికి సైన్యం చేతులెత్తేసింది. బజార్లో కంపెనీల సాఫ్ట్‌వేర్ వచ్చేసింది కదా, ఇంకా మనమెందుకు మోయాలి అన్నది వాళ్ల ఆలోచన. మామూలుగా అయితే అక్కడితో దాని కథ ముగిసేది. మనలో ఉద్యోగం చేసినవాళ్లకి తెలుసు. టీమ్ వెళ్లిపోయాక ఆ కోడ్‌ని ముట్టుకునేవాడు ఉండడు. కానీ ముందు టెక్సాస్‌లోని బేలర్ యూనివర్సిటీ వాళ్లు దాన్ని ఎత్తుకున్నారు. తర్వాత జర్మనీలో హానోవర్ యూనివర్సిటీలో ఉన్న మార్కుస్ నెటెలర్ అనే యువకుడు పట్టుకున్నాడు. ప్రపంచం నలుమూలల నుంచి మనుషుల్ని పోగేశాడు. 1999 అక్టోబర్‌లో గ్రాస్‌ని జీపీఎల్ అనే లైసెన్స్ కిందకి తెచ్చారు. దాని అర్థం ఇదీ: ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, కానీ మార్చి ఇంకొకరికి ఇస్తే వాళ్లకీ అదే హక్కు ఇవ్వాలి. దాచుకోకూడదు.

తేదీలు గమనించారా? 1999 సెప్టెంబర్‌లో ఆర్మీ కోర్ వేసిన కట్ట ఓడిపోయింది. సరిగ్గా మరుసటి నెలలో ఆర్మీ కోర్ రాసి వదిలేసిన సాఫ్ట్‌వేర్ శాశ్వతంగా జనం చేతికి వచ్చింది. ఈ రెండిటికీ సంబంధం ఏమీ లేదు, కాకతాళీయమే. కానీ తర్వాత సంబంధం కుదిరింది. కుదిర్చినవాళ్లలో ముఖ్యమైన మనిషి హెలెనా మిటాసోవా. ఆవిడ ఆ సైనిక ల్యాబ్‌లో గ్రాస్ మీద పనిచేసి, తర్వాత నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీకి వచ్చారు. చెల్లాచెదురుగా ఉన్న చుక్కల మీద సాగే గుడ్డలాంటి ఉపరితలాన్ని పరిచే లెక్క ఆవిడ నైపుణ్యం. ఆ రాష్ట్రపు లైడార్ డేటా, ఆవిడ లెక్క, గ్రాస్, మూడూ ఒకచోట చేరాయి. నెటెలర్, మిటాసోవా కలిసి గ్రాస్ మీద రాసిన పుస్తకం ఇప్పటికీ ఆ రంగంలో పెద్దబాలశిక్ష లాంటిది. ఆ పుస్తకం మూడో కూర్పులో వాడింది నార్త్ కరోలినా డేటానే. అందుకే ఏ దేశంలో గ్రాస్ నేర్చుకునేవాడైనా ఆ రాష్ట్రం మీదే అక్షరాభ్యాసం చేస్తాడు. నేనూ అంతే.

2002లో అలాస్కాలో ఉండే గ్యారీ షెర్మన్ తన లినక్స్ కంప్యూటర్‌లో మ్యాపులు చూసుకోవడానికి ఒక చిన్న ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు. అదే ఇవాళ్టి క్యూజీఐఎస్. బొమ్మ చూడ్డానికి, క్లిక్ చేయడానికి అది. లోపల బరువు పని చేయడానికి గ్రాస్. 2021 ఫిబ్రవరిలో వచ్చిన 3.18 వెర్షన్‌తో క్యూజీఐఎస్ లైడార్ చుక్కల్ని నేరుగా తెరవడం మొదలుపెట్టింది. ఆ పనికి డబ్బు ఎలా వచ్చిందంటే, వాడేవాళ్లే చందాలేసుకున్నారు. మన వినాయక చవితి పందిరి లాగే.

ఇంకొక్క పేరు చెప్పాలి. మార్టిన్ ఇసెన్‌బర్గ్. లైడార్ చుక్కల కోసం 2003లో 'లాస్' అనే ఫైల్ పద్ధతిని ఒప్పుకున్నారు. అది అందరూ చదవగలిగేదే, కానీ ఫైళ్లు ఏనుగంత. ఇసెన్‌బర్గ్ ఒక్క చుక్క కూడా పోకుండా దాన్ని నాలుగో వంతు కంటే తక్కువకి కుదించే 'లాజ్' పద్ధతి రాసి, జనానికి వదిలేశాడు. ఆయన 2021లో చనిపోయాడు. మనలాంటి వాళ్లం రోజుకి ఒకటిన్నర జీబీ డేటా ప్యాక్‌తో ఈ ఫైళ్లు దించుకోగలుగుతున్నామంటే ఆ పుణ్యం ఆయనది కూడా.

నేను ఊరిని సముద్రంలో పడేసిన రాత్రి

సరే, ఇప్పుడు నా కథ. ఇది వింటే మీరు నా తప్పు చేయరు.

విండోస్‌లో క్యూజీఐఎస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు గ్రాస్‌ని కూడా కలిపి పెట్టుకోవచ్చు. అది సులువే. ప్రిన్స్‌విల్ చుట్టుపక్కల నాలుగు లాజ్ ఫైళ్లు దించాను. గ్రాస్‌లో మొదట ఒక ప్రాజెక్ట్ తయారుచెయ్యాలి. అప్పుడే అడుగుతుంది, నీ డేటా ఏ కొలతల పద్ధతిలో ఉంది అని. భూమి గుండ్రం, స్క్రీన్ బల్లపరుపు. గుండ్రాన్ని బల్లపరుపు చేయడానికి ఒక్కో ప్రాంతానికి ఒక్కో పద్ధతి ఉంటుంది, ఒక్కో పద్ధతికి ఒక నంబరు. లిస్టులో నార్త్ కరోలినా అని కొట్టాను. 3358 కనిపించింది. పేరు సరిపోయింది కదా అని నొక్కేశాను.

తర్వాత ఇంపోర్ట్. పాత వీడియోల్లో ఆర్ డాట్ ఇన్ డాట్ లైడార్ అనే కమాండ్ చూపిస్తారు. అది నడిచే లైబ్రరీకి వయసైపోయింది. ఇప్పుడు వాడాల్సింది ఆర్ డాట్ ఇన్ డాట్ పీడాల్. అది తెలుసుకోవడానికే నాకు రెండు సాయంత్రాలు పట్టింది. కమాండ్ కొట్టగానే గ్రాస్ ఆగిపోయింది. ఫైల్ పద్ధతీ ప్రాజెక్ట్ పద్ధతీ కలవడం లేదు అని ఎర్ర అక్షరాల్లో చెప్పింది. ఎవరో వీడియోలో చెప్పారు, 'మైనస్ ఓ' అని పెడితే ఆ చెకింగ్ దాటేస్తుంది అని. పెట్టాను. దాటేసింది. అంటే ఏంటి, హెచ్చరించేవాడి నోరు మూశాను.

బొమ్మ వచ్చింది. ఆనందంగా క్యూజీఐఎస్‌లో ప్రపంచ పటం మీద పెట్టి చూస్తే ఊరు అట్లాంటిక్ సముద్రం నడిమధ్యలో ఉంది. తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో. పాపం ఎన్నిసార్లో మునిగిన ఊరిని నేను ఇంకోసారి ముంచాను.

తప్పేంటంటే, నార్త్ కరోలినా పేరు మీద ఒకటి కంటే ఎక్కువ నంబర్లున్నాయి. 3358 మీటర్లలో ఉంటుంది, 2264 అడుగుల్లో ఉంటుంది. నా ఫైల్ అడుగుల్లో ఉంది. నేను అడుగుల్ని మీటర్లని నమ్మించాను. ఇంకో తమాషా ఏంటంటే, ఆ అడుగు కూడా మామూలు అడుగు కాదు, సర్వే అడుగు. మామూలు అడుగుకీ దానికీ తేడా పది లక్షల్లో రెండు వంతులే. కానీ ఆ పద్ధతిలో తూర్పు-పడమర అంకెలు లక్షల్లో ఉంటాయి కాబట్టి, అడుగు మారితే ఊరు నాలుగైదు అడుగులు పక్కకి జరుగుతుంది. ఈ గొడవ పడలేకే అమెరికా 2022 చివర్లో సర్వే అడుగుకి సెలవిచ్చేసింది. పాత డేటాలో మాత్రం అది ఇంకా బతికే ఉంది.

రెండో రోజు అన్నీ మీటర్లలోకి మార్చాను. ఇప్పుడు ఊరు ఊళ్లోనే ఉంది. కానీ నేల విచిత్రంగా ఉంది. ప్రతి గట్టూ గుట్టలాగా ఉంది. ఎందుకంటే పొడవు, వెడల్పు మార్చాను, ఎత్తు మార్చడం మర్చిపోయాను. ఎత్తులు అడుగుల్లోనే ఉండిపోయి మూడింతలకు పైగా సాగాయి.

కాబట్టి వరుస ఇదీ, రాసుకోండి. మొదట ఫైల్‌ని తెరవకుండానే దాని సమాచారం చూడండి. పొడవు ఏ కొలత, ఎత్తు ఏ కొలత అని రెండూ విడివిడిగా. ఆ పద్ధతితోనే ప్రాజెక్ట్ చెయ్యండి. తర్వాత ఎత్తులు కాకుండా ముందు ఒక్కో గడిలో ఎన్ని చుక్కలు పడ్డాయో లెక్కపెట్టించండి. చదరపు మీటరుకి రెండు చుక్కలుంటే, పది సెంటీమీటర్ల గడులు అడగడం మోసమే, మనల్ని మనం మోసం చేసుకోవడం. ఒక మీటరు గడి చాలు. తర్వాత 2వ నంబరు చుక్కలు మాత్రమే తీసుకుని సగటు ఎత్తు అడగండి. ఇళ్లున్న చోట, నీళ్లున్న చోట ఖాళీలు వస్తాయి. వాటిని చుట్టుపక్కల ఎత్తుల్ని బట్టి పూడ్చండి. ఆఖరున పక్క నుంచి ఎండ పడినట్టు నీడ వేయండి.

నీడ వేశాక నాకు మాట రాలేదు. చెట్లు లేవు, ఇళ్లు లేవు. నది పాత వంపులు నేల మీద మచ్చల్లా ఉన్నాయి. నది పక్కనే సన్నటి గీత. అదే 1967 నాటి కట్ట. దాని వెనక, గిన్నె అడుగులా పరుచుకున్న వీధులు. అవతలి ఒడ్డున టార్‌బరో, మెరక మీద. 1865లో మెరక ఎవరికి దక్కిందో, పల్లం ఎవరికి మిగిలిందో ఏ పుస్తకమూ చదవక్కర్లేదు. నేలే చెప్తుంది.

లేజర్‌కి కనిపించనిది

గ్రాస్‌లో ఆర్ డాట్ లేక్ అని ఒక కమాండ్ ఉంది. ఒక చోట వేలు పెట్టి, ఇంత ఎత్తుకి నీళ్లు నింపు అంటే నింపుతుంది. నది వైపు వేలు పెట్టి కొంచెం కొంచెంగా పెంచుతూ పోయాను. కట్ట ఆపుతోంది, ఆపుతోంది. నేను కట్ట పైఅంచు వైపే చూస్తున్నాను, ఎక్కడ దూకుతుందా అని.

ఇక్కడ చరిత్ర నాకు మొట్టికాయ వేసింది. 2016 అక్టోబర్‌లో మాథ్యూ అనే హరికేన్ వచ్చి ప్రిన్స్‌విల్ మళ్లీ మునిగింది. ఈసారి నీళ్లు కట్ట మీద నుంచి దూకలేదు. కట్ట చివర నుంచి చుట్టి వచ్చాయి, రోడ్డు గట్టు కింద తూముల్లోంచి వచ్చాయి. లేజర్ పై నుంచి చూస్తుంది కాబట్టి దానికి రోడ్డు కనిపిస్తుంది, రోడ్డు కింద తూము కనిపించదు. కంప్యూటర్‌లో ఆ రోడ్డు గట్టి ఆనకట్ట. వాస్తవంలో దానికి చిల్లులున్నాయి. అందుకే ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్లు మ్యాపు మీద తూములున్న చోట రోడ్డుని చేత్తో కోస్తారు. ఎక్కడెక్కడ కోయాలో సాఫ్ట్‌వేర్‌కి తెలీదు. ఆ ఊళ్లో తిరిగినవాడికి తెలుస్తుంది. ఇంకో మాట, ఇలా నీళ్లు నింపడం తొట్టి లెక్క మాత్రమే. నిజమైన వరదకి వేగం ఉంటుంది, వాన ఉంటుంది, సమయం ఉంటుంది. ఈ బొమ్మ చూసి ఇల్లు కొనడం, అమ్మడం చేయకండి.

ఫ్లాయిడ్ తర్వాత ప్రభుత్వం వాళ్లకి ఒక దారి చూపించింది. మీ స్థలాలు మేం కొంటాం, ఇంకోచోటికి వెళ్లిపోండి అని. ఊరి పాలకవర్గం వద్దంది. కట్ట బాగుచెయ్యండి, మేం ఇక్కడే ఉంటాం అంది. 2000లో అధ్యక్షుడు క్లింటన్ ఆ ఊరి భవిష్యత్తు కోసం ప్రత్యేకంగా ఒక మండలి వేశాడు. ఒక చిన్న ఊరి కోసం దేశాధ్యక్షుడు ఉత్తర్వు ఇవ్వడం మాటలు కాదు. అయినా 2016లో మళ్లీ మునిగింది.

మొదట్లో నాకూ అనిపించింది, ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే వెళ్లిపోవచ్చు కదా అని. తర్వాత మా అమ్మ గుర్తొచ్చింది. వరద తర్వాత మా బంధువులందరూ అదే అన్నారు, అమ్మేసి వెళ్లిపోండి అని. అమ్మ ఒకటే అంది: "మునిగిన ఇల్లు ఎవరు కొంటారు? కొన్నా ఆ డబ్బుతో మెరక మీద ఏం వస్తుంది?" ప్రిన్స్‌విల్ వాళ్లకి తమ ఊరు పల్లంలో ఉందని 1865 నుంచీ తెలుసు. లైడార్ వచ్చి కొత్తగా చెప్పలేదు. లైడార్ చెప్పింది ఎంత అన్నది. ఆ 'ఎంత' చేతిలో ఉంటే కట్ట ఎంత ఎత్తు కావాలి, ఏ చివర పొడిగించాలి, ఏ తూముకి తలుపు పెట్టాలి అని అంకెలతో నిలదీయొచ్చు. అంకె లేనప్పుడు మనది గోడు, అంకె ఉన్నప్పుడు మనది వాదన. నా ఉద్దేశంలో ఆ డేటాని అందరికీ వదిలేయడం వల్ల వచ్చిన అసలు లాభం అదే.

మళ్లీ మా వీధికి

ఇన్ని నేర్చుకుని, మా వీధి డేటా కోసం వెతికాను. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వాళ్ల భువన్‌లో కార్టోశాట్ ఉపగ్రహం నుంచి తీసిన ఎత్తుల డేటా ఫ్రీగా దొరుకుతుంది. మంచిదే, జిల్లా స్థాయిలో చాలా పనికొస్తుంది. కానీ దాని గడి సుమారు 30 మీటర్లు. మా వీధి వెడల్పు ఆరు మీటర్లు. అంటే మా ఇల్లు, పిన్ని ఇల్లు, మధ్యలో కిరాణా కొట్టు, అన్నీ కలిపి ఒకే గడి, ఒకే అంకె. 2021 ఫిబ్రవరిలో మన దేశంలో మ్యాపుల నిబంధనలు బాగా సడలించారు. ఇప్పుడు భారతీయ సంస్థలు సన్నగా కొలవొచ్చు, మ్యాపులు చేయొచ్చు. కొలవడానికి దారి తెరుచుకుంది. కొలిచింది మామూలు మనిషి డౌన్‌లోడ్ బటన్ దాకా రావడం ఇంకో అడుగు. ఆ అడుగు మనం అడిగితేనే పడుతుంది.

మరి అమ్మ ప్రశ్న? పోయిన నెల మా ఇంటి గుమ్మం ఎత్తు చేయించడానికి ఒక మేస్త్రీ గారు వచ్చారు. ఆయన దగ్గర నీళ్లు నింపిన సన్నటి ప్లాస్టిక్ పైపు ఉంది, లెవెల్ చూసే పైపు. నేను అడిగాను, మేస్త్రీ గారూ, దీంతో పక్క వీధి దాకా లెవెల్ తేగలమా అని. ఆయన నవ్వి, "ఎందుకు తేలేం బాబూ, అంచెలంచెలుగా పోదాం" అన్నారు. ఒక కొస ఆయన, ఒక కొస నేను. గేటు నుంచి కరెంటు స్తంభం, స్తంభం నుంచి కిరాణా కొట్టు అరుగు, అరుగు నుంచి పిన్ని వాళ్ల గడప. ప్రతి చోటా సుద్దతో గీత. పదకొండు గీతలు. లెక్క కూడితే రెండడుగుల ఏడంగుళాలు.

ఛాతీకీ మోకాలికీ ఉన్న తేడా అన్నమాట.

అమ్మకి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "మరి కాలవ వైపు కూడా చూశారా?" అంది. చూడలేదు. వచ్చే ఆదివారం చూస్తున్నాం. ఈసారి ఆ అంకెలు, ఫొటోలతో సహా అందరికీ కనిపించేలా పెడతాను. మీ వీధిలో కూడా ఒక పైపు, ఒక సుద్దముక్క, ఒక మేస్త్రీ గారు దొరుకుతారు. కొలిస్తే దాచుకోకండి.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.